బ్లాగుల్లో కామెంట్లు పెడితే మన బ్రాండ్ పేరు నిజంగా జనానికి తెలుస్తుందా?

కొత్తచిగురు

అందరికీ నమస్తే. పోస్ట్ కొంచెం పెద్దది, ఓపిగ్గా చదివి చెప్పండి ప్లీజ్.

మేం ముగ్గురం కలిసి ఫోటోగ్రాఫర్ల కోసం ఒక బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తయారుచేశాం. మెమరీ కార్డు పెట్టగానే ఫోటోలన్నీ రెండుమూడు చోట్లకి కాపీ చేసి, కాపీ సరిగ్గా అయ్యిందా లేదా అని చెక్ చేసి చెప్తుంది, అంతే దాని పని. వాడినవాళ్ళు బాగుందనే అంటున్నారు, మధ్యలో మానేసినవాళ్ళు చాలా తక్కువ. సమస్యల్లా మేమున్నామని ఎవరికీ తెలీకపోవడమే. యాడ్స్‌కి పెట్టే డబ్బు లేదు, ముగ్గుర్లో కాస్త నలుగురితో మాట్లాడేది నేనే కాబట్టి ప్రచారం పని నా మీద పడింది.

ఎక్కడో చదివి బ్లాగ్ కామెంటింగ్ మొదలెట్టా. రెండు నెలలు కూర్చుని ఫోటోగ్రఫీ బ్లాగులు ఒక అరవై దాకా వెతికి పట్టుకుని దాదాపు 140 కామెంట్లు పెట్టా. పేరు రాసే చోట మా ప్రొడక్ట్ పేరు, దాని పక్కనే బెస్ట్ ఫోటో బ్యాకప్ అని, కింద మా సైట్ లింకు. కామెంట్‌లో ఏం రాస్తానంటే పోస్ట్ చాలా బాగుంది, చాలా ఉపయోగపడింది, మేం కూడా ఇలాంటి సమస్యకే ఒక టూల్ చేశాం ఒకసారి చూడండి అని, ఒక్కో చోట ఒక్కోలా మాటలు మార్చి రాశా. సగానికి పైగా అసలు కనపడనే లేదు. కనపడినవాటి నుంచి ఈ రెండు నెలల్లో మా సైట్‌కి వచ్చినవాళ్ళు తొమ్మిది మంది.

ఒక ఫ్రెండేమో లింకులు పెరుగుతాయి, గూగుల్‌లో పైకొస్తావు, ఆపొద్దు అంటాడు. ఇంకొకడేమో ఈ పద్ధతి ఎప్పుడో పోయింది, టైం తగలేస్తున్నావ్ అంటాడు. నా డౌట్ ఒకటే, లింకుల సంగతి పక్కన పెడితే, కేవలం మా పేరు పదిమందికీ తెలియడానికి ఇది పనికొస్తుందా లేదా? పనికొస్తే నేనెక్కడ తప్పు చేస్తున్నా? రోజుకి రెండు గంటలు పోతున్నాయి, ఆ టైంలో వచ్చిన కస్టమర్లకే ఇంకా బాగా సపోర్ట్ ఇవ్వొచ్చు కదా అని లోపల పీకుతూనే ఉంది.

లింకులలెక్క

ముందు మీ మొదటి ఫ్రెండ్ చెప్పింది తేల్చేద్దాం, ఎందుకంటే ఆ మాట బుర్రలో ఉన్నంతకాలం మీరు కామెంట్‌ని కామెంట్‌లా రాయలేరు. నాది ఎస్ఈఓ పని, అంటే సైట్లు గూగుల్ సెర్చ్‌లో పైకి వచ్చేలా చూడటం, చాలా ఏళ్ళుగా ఇదే చేస్తున్నా.

2005 జనవరిలో గూగుల్, యాహూ, ఎంఎస్ఎన్ మూడూ నోఫాలో అనే లింకు గుర్తుని ఒప్పుకున్నాయి. అది పుట్టిందే బ్లాగ్ కామెంట్లలో స్పామ్ లింకుల గోల తట్టుకోలేక. ఈ లింకుకి నా పూచీ లేదు, దీన్ని చూసి అవతలి సైట్‌కి మార్కులు వేయకండి అని బ్లాగ్ వైపు నుంచి సెర్చ్ ఇంజిన్‌కి చెప్పడం అన్నమాట. వర్డ్‌ప్రెస్‌లో కామెంట్ల లింకులకి ఇది దానంతటదే పడిపోతుంది, బ్లాగ్ నడిపేవాళ్ళు వేలు కూడా కదపక్కర్లేదు. 2019 సెప్టెంబర్‌లో గూగుల్ యూజీసీ (వాడేవాళ్ళు రాసింది అని అర్థం) అని ఇంకో గుర్తు తెచ్చింది, అది కచ్చితంగా ఇలాంటి కామెంట్లకీ ఫోరం పోస్టులకీ ఉద్దేశించిందే. అప్పుడే నోఫాలోని ఆజ్ఞలా కాకుండా సూచనలా తీసుకుంటామని కూడా చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకుని చూశారా కామెంట్ లింకులకి మళ్ళీ విలువొచ్చింది అని ప్యాకేజీలు అమ్మేవాళ్ళు బయల్దేరారు, దయచేసి వాళ్ళ జోలికి పోకండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే 2012 ఏప్రిల్‌లో దొంగ లింకులతో పైకొచ్చిన సైట్లని కిందకి నెట్టే గూగుల్ పెంగ్విన్ అప్‌డేట్ వచ్చినప్పుడు నేను ఉద్యోగంలో కొత్త. అప్పటి మా క్లయింట్ ఒకరు అంతకుముందే ఎవరి దగ్గరో కామెంట్ లింకులు గంపగుత్తగా కొని ఉన్నారు, అన్నిట్లోనూ మనిషి పేరు ఉండాల్సిన చోట ఒకటే కీవర్డ్ (జనం గూగుల్‌లో వెతికే మాట), అచ్చం మీరిప్పుడు పెడుతున్నట్టు. దెబ్బకి సైట్ సెర్చ్‌లో కనపడకుండా పోయింది. తర్వాత నెలల తరబడి నా పని ఏంటంటే ఒక్కో బ్లాగ్ వాళ్ళకీ మెయిల్ రాసి అయ్యా మా కామెంట్ తీసేయండి అని బతిమాలుకోవడం. ఆ ఏడాది అక్టోబర్‌లో గూగుల్, ఈ లింకుల్ని లెక్కలోకి తీసుకోవద్దని చెప్పుకునే డిసావో టూల్ ఇచ్చాక గానీ ఊపిరి ఆడలేదు. మీవి 140 మాత్రమే, భయపడాల్సినంత లేదు, కానీ ఆ పేరు పక్కన బెస్ట్ ఫోటో బ్యాకప్ అనేది మాత్రం ఈ పూటే ఆపేయండి.

లింకు లెక్క తీసేస్తే ఏం మిగులుతుందన్నది మీ అసలు ప్రశ్న. దానికి నాకన్నా బ్లాగ్ నడిపేవాళ్ళు బాగా చెప్తారు.

పాతఆల్బమ్

నేను చెప్తా. పదకొండేళ్ళ నుంచి ఫోటోగ్రఫీ మీదే బ్లాగ్ రాస్తున్నా, చిగురు గారూ, మీ 140లో ఒకటో రెండో నా దగ్గరికీ వచ్చే ఉంటాయి, వచ్చి ఉంటే నేనే డిలీట్ చేసి ఉంటా. కోపంతో కాదు, పొద్దున్నే నాకు కనిపించేది ఎలా ఉంటుందో మీకు తెలియాలని చెప్తున్నా.

లాగిన్ అవగానే అకిస్మెట్ (స్పామ్ ఏరే ప్లగిన్) పట్టేసిన స్పామ్ ఒక కుప్ప, దాన్ని చూడను కూడా చూడను, ఒక్క నొక్కుతో ఖాళీ. తర్వాత ఆమోదం కోసం ఆగి ఉన్నవి. వర్డ్‌ప్రెస్‌లో మామూలుగానే మొదటిసారి రాసినవాళ్ళ కామెంట్ నేను ఒప్పుకునేదాకా ఆగుతుంది, రెండు లింకులుంటే ఎలాగూ ఆగుతుంది. నేను ముందు చూసేది పేరు. మనిషి పేరా, బోర్డు మీద రాసినట్టుందా? తర్వాత మొదటి వాక్యం. పోస్ట్ చాలా బాగుంది చాలా ఉపయోగపడింది అనే వాక్యం నా ఏ పోస్ట్ కిందైనా అతుకుతుంది, వేరేవాళ్ళ పోస్ట్ కిందైనా అతుకుతుంది, అంటే నా పోస్ట్ చదవలేదని అర్థం. అక్కడితో అయిపోయింది. నాకు రెండు సెకన్లు పడుతుంది, మీకు దాన్ని రాయడానికి పది నిమిషాలు పట్టి ఉంటుంది, అది తలుచుకుంటేనే బాధగా ఉంది.

ఇప్పుడు రెండో రకం చెప్తా. కొన్నేళ్ళ కిందట ప్రింట్ తీస్తే ఫోటో ఎందుకు చీకటిగా వస్తుంది అని నేనొక పోస్ట్ రాశా, తప్పంతా ప్రింటర్ సెట్టింగుల మీదకి నెట్టేశా. కింద ఒకాయన కామెంట్ పెట్టాడు, సొంత పేరుతో, లింకు లేదు. ఏమన్నాడంటే మేడమ్ ప్రింటర్‌ది తప్పు కాకపోవచ్చు, మానిటర్ వెలుగు ఎంత పెట్టుకున్నారో చూడండి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు చాలా ఎక్కువ ఉంటుంది, ప్రింట్ కోసం ఎడిట్ చేసేటప్పుడు చదరపు మీటరుకి 80 నుంచి 120 క్యాండెలా (వెలుగు కొలత) మధ్యకి దించుకోవాలి, స్క్రీన్ తనే వెలుగు చిమ్ముతుంది, కాగితం తన మీద పడిన వెలుగునే వెనక్కిస్తుంది, అందుకే స్క్రీన్ మీద సరిపోయిందనుకున్న ఫోటో కాగితం మీద మసకబారుతుంది అని. చూసుకుంటే నిజమే. నా పోస్ట్ దిద్దుకున్నా, కింద ఆయనకి థాంక్స్ చెప్పా. ఆ పోస్ట్‌కి వచ్చిన మిగతా జనం నన్ను వదిలేసి ఆయన్నే అడగడం మొదలెట్టారు, ల్యాప్‌టాప్ అయితే ఎలా, గదిలో లైటు ఎలా ఉండాలి అని, ఆయన ఒక్కొక్కరికీ ఓపిగ్గా జవాబిచ్చాడు, రెండు రోజుల తర్వాత అడిగినవాళ్ళకి కూడా.

ఆయనకి మానిటర్ కలర్ సరిచేసే పరికరాలు అమ్మే చిన్న కంపెనీ ఉందని నాకు ఎప్పుడు తెలిసిందో తెలుసా? నాలుగైదు నెలల తర్వాత. ఎవరో సూటిగా అడిగితే, నేను ఈ వ్యాపారంలోనే ఉన్నా, కాబట్టి నా మాటని ఆ సంగతి తెలుసుకునే తీసుకోండి అని చెప్పి అప్పుడు పేరు చెప్పాడు. ఆ తర్వాత నేను ఆ విషయం మీద ఎప్పుడు రాసినా ఆయన పేరు నా వేళ్ళ మీదకి దానంతటదే వచ్చేస్తుంది. నన్ను ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. బ్రాండ్ తెలియడం అంటే నాకు తెలిసినంతలో ఇదే, అవసరం పడిన నిమిషంలో ఆ పేరు గుర్తు రావడం. పేరు కళ్ళబడటం వేరు, గుర్తు రావడం వేరు. మీ 140 కామెంట్లు మొదటిదాని కోసం పెట్టారు, అది కూడా పూర్తిగా దక్కలేదు.

మీ సంగతికొస్తా. మీ సబ్జెక్ట్ బంగారం లాంటిది అసలు. ఫోటోలు పోగొట్టుకున్న కథ చెప్పని ఫోటోగ్రాఫర్ ఉండడు, ప్రతి బ్లాగ్‌లోనూ అలాంటి పోస్ట్ ఒకటి ఉంటుంది. దాని కింద ఎవరో ఒకరు రెయిడ్ (కొన్ని డ్రైవ్‌లని కలిపి, ఒకటి చెడినా డేటా పోకుండా చేసే ఏర్పాటు) పెట్టుకోండి సరిపోతుంది అని తప్పకుండా అంటారు. అక్కడ మీరు రాయాల్సింది ఇదీ, రెయిడ్ బ్యాకప్ కాదండీ, ఒక డ్రైవ్ చెడిపోతే అది కాపాడుతుంది కానీ మీరు పొరపాటున ఒక ఫోల్డర్ డిలీట్ చేస్తే అదే క్షణంలో రెండో డ్రైవ్‌లోంచి కూడా పోతుంది, క్లౌడ్‌కి సింక్ చేసుకున్నా ఇదే కథ, ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది, చెత్తబుట్టలో కొన్నాళ్ళు ఉంటే మీ అదృష్టం. అందుకే మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఇంటికి దూరంగా అంటారు. ఇంకొకటి, కాపీ అయ్యింది అని కంప్యూటర్ చెప్పగానే కార్డు ఫార్మాట్ చేయకండి, రెండు ఫైళ్ళ చెక్‌సమ్ (ఫైల్‌లోని డేటా మొత్తం నుంచి లెక్కగట్టే చిన్న కోడ్) పోల్చి చూసుకున్నాకే చేయండి. ఇంతే. మీ టూల్ పేరు ఎత్తొద్దు. ఇది చదివినవాడికి ఈ మనిషికి ఈ విషయం తెలుసు అనిపిస్తుంది, అనిపించినవాడు పేరు మీద నొక్కి చూస్తాడు. నొక్కకపోయినా నష్టం లేదు, వచ్చే నెల ఇంకో పోస్ట్ కింద మళ్ళీ మీరే కనపడతారు కదా.

అరవై బ్లాగులు వద్దు. అరవై చోట్ల రెండేసి సార్లు కనపడినవాడు ఎవరికీ గుర్తుండడు. ఏడెనిమిది చాలు.

మౌనపాఠకుడు

అక్క చెప్పినదానికి చిన్న విషయం కలుపుతా. ఆన్‌లైన్‌లో నూటికి తొంభై మంది చదివి వెళ్ళిపోతారు, తొమ్మిది మంది ఎప్పుడైనా ఒక మాట రాస్తారు, ఒక్కరే తరచూ రాస్తారు అని వెబ్ వాడకం మీద పరిశోధన చేసే జేకబ్ నీల్సన్ 2006లో రాశారు. అంకెలు ప్రతిచోటా అచ్చంగా ఇలాగే ఉండవు, మోటు లెక్క అది, కానీ నా విషయంలో నిజం. ఈ ఫోరంలో నేను మూడేళ్ళుగా ఉన్నా, ఇది నా నాలుగో పోస్ట్. మీ కామెంట్‌కి ఎవరూ రిప్లై ఇవ్వలేదంటే ఎవరూ చదవలేదని కాదండి, మాలాంటివాళ్ళం చదువుతూనే ఉంటాం.

కొత్తచిగురు

అక్కా, నిజం చెప్పాలంటే చదువుతుంటే మొహం ఎర్రబడింది, కానీ ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్స్. రెయిడ్ సంగతి, చెక్‌సమ్ సంగతి మేం రోజూ మా కస్టమర్లకి చెప్పే మాటలే, అవి కామెంట్‌లో రాయొచ్చని తట్టనే లేదు, ఎప్పుడూ మా టూల్ పేరు ఎక్కడ ఇరికించాలా అనే ఆలోచనే.

మూడు డౌట్లు ఉన్నాయి. పేరు దగ్గర నా పేరే పెడితే బ్రాండ్ పేరు ఎలా తెలుస్తుంది మరి? రెండోది, లింకుల మీద నొక్కడాలు తక్కువే ఉంటాయంటే పనిచేస్తోందో లేదో దేన్ని చూసి తెలుసుకోవాలి, మా మిగతా ఇద్దరికీ ఏదో ఒకటి చూపించాలి కదా. మూడోది, ఒక ఫ్రీలాన్సర్ ఈ పని మొత్తం నేను చేసిపెడతా అంటున్నాడు, నెలకి ఇన్ని కామెంట్లు అని లెక్క, ఇచ్చేయొచ్చా?

కూలిరాత

మూడోదానికి నేను చెప్తా, ఎందుకంటే ఆ ఫ్రీలాన్సర్ పని నేను ఏడాదిన్నర చేశా.

ఇవ్వొద్దు. నాకు రోజుకి 40 కామెంట్ల టార్గెట్ ఉండేది, పొద్దున పళ్ళ డాక్టర్ల సాఫ్ట్‌వేర్, మధ్యాహ్నం సైకిల్ పార్టులు, సాయంత్రం ఇంకోటి. దేని గురించీ నాకు తెలీదు, పోస్ట్ మొదటి పేరా చివరి పేరా చదివి ఏదో ఒకటి రాసేవాణ్ణి, ఎంత బాగా రాసినా అది ఖాళీగానే ఉండేది. అన్నిటికన్నా ఘోరం ఏంటంటే కొన్నిసార్లు ఎవరో నిజంగా నమ్మి కింద ప్రశ్న అడిగేవారు, మీ దాంట్లో ఫలానాది అవుతుందా అని. ఆ ప్రశ్న నేను చూసేవాణ్ణి కాదు, కంపెనీ వాళ్ళూ చూసేవాళ్ళు కాదు, అది అలాగే జవాబు లేకుండా ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది, ఆ కంపెనీ పేరు కింద. పేరు తెలియడమంటే ఇది కూడా తెలియడమే కదా, అడిగితే పలకనివాళ్ళు అని.

ఇంకో మాట, ఒకచోట నన్ను కస్టమర్లా వేషం వేసి వేరే పేర్లతో పొగడమన్నారు. అప్పుడు మానేశా. మీరు అలాంటిది చేయరనే అనుకుంటున్నా కానీ అలాంటి ప్యాకేజీలు చాలామంది అమ్ముతారు, జాగ్రత్త.

పాతఆల్బమ్

కూలిరాత గారు చెప్పింది వంద శాతం కరెక్ట్. వేషం సంగతి అంటే, కామెంట్ పక్కనే మాకు ఐపీ అడ్రస్, మెయిల్ కనిపిస్తాయి. నాలుగు పేర్లతో వచ్చిన నాలుగు పొగడ్తలకి ఒకటే ఐపీ ఉండటం నేను ఎన్నిసార్లు చూశానో. మేం బ్లాగర్లం ఒకళ్ళకొకళ్ళం తెలుసు కూడా, ఒకసారి దొరికితే ఆ పేరు అందరికీ తెలుస్తుంది, మీరు కోరుకునే పద్ధతిలో మాత్రం కాదు.

మీ మొదటి డౌట్‌కి, పేరు దగ్గర మీ పేరే పెట్టండి. ఎప్పుడూ ఒకటే పేరు, ఒకటే మెయిల్, గ్రావతార్‌లో ఒకటే ఫోటో. ఆ మెయిల్ ఎక్కడ వాడినా, గ్రావతార్ ఉన్న బ్లాగులన్నిట్లో అదే మొహం వస్తుంది, వర్డ్‌ప్రెస్ బ్లాగుల్లో చాలావాటిలో అది ఉంటుంది. మాటలు మర్చిపోయినా మొహం గుర్తుంటుంది. వెబ్‌సైట్ అని అడిగే గడిలో మీ సైట్ అడ్రస్ పెట్టుకోండి, అందులో తప్పేం లేదు, ఆ గడి ఉన్నదే అందుకు. కామెంట్ లోపల లింకు మాత్రం ఎవరైనా అడిగితేనే. మీ టూల్‌కి సంబంధం ఉన్న మాట ఎప్పుడైనా వస్తే ఇది మేం తయారుచేసేదే అని అక్కడే చెప్పేయండి, దాచొద్దు.

అంకెలదారి

కొలవడం గురించి. ఇది నాకు ఇష్టమైన టాపిక్ కాబట్టి కొంచెం పొడుగవుతుంది.

మీరు తొమ్మిది మంది వచ్చారన్నారు కదా, అది రిఫరల్ లెక్క, అంటే ఆ బ్లాగ్‌లో లింకు నొక్కి నేరుగా వచ్చినవాళ్ళు. పేరు తెలిసిందా లేదా అని కొలవడానికి అది సరైన త్రాసు కాదు. మనిషి ఎలా చేస్తాడో ఆలోచించండి, ఇవాళ ఫోన్‌లో మీ కామెంట్ చదివాడు, ఊరుకున్నాడు. మూడు వారాల తర్వాత హార్డ్ డిస్క్ చప్పుడు చేయడం మొదలెట్టింది, అప్పుడు కంప్యూటర్‌లో గూగుల్ తెరిచి గుర్తున్నంత మేరకు మీ పేరు కొట్టాడు. మీ ఎనలిటిక్స్‌లో అది సెర్చ్ కింద పడుతుంది, కామెంట్ ఖాతాలోకి ఎప్పటికీ రాదు.

అందుకే మీ సైట్ సెర్చ్‌లో ఎలా కనపడుతోందో గూగుల్ చూపించే సెర్చ్ కన్సోల్‌కి వెళ్ళి పెర్ఫార్మెన్స్ రిపోర్ట్‌లో క్వెరీ ఫిల్టర్ పెట్టి మీ బ్రాండ్ పేరున్న సెర్చ్‌లు మాత్రమే తీయండి. జనం స్పెల్లింగ్ తప్పు కొడతారు, అవి కూడా కలపండి, అందుకు రీజెక్స్ ఫిల్టర్ (ఒకే నమూనాతో చాలా స్పెల్లింగులు పట్టేది) ఉంది. దాంట్లో 16 నెలల డేటా ఉంటుంది, కాబట్టి మీరు మొదలెట్టకముందు ఎలా ఉందో కూడా చూసుకోవచ్చు. ఒక మెలిక ఉంది, మరీ కొద్దిమంది మాత్రమే వెతికిన మాటల్ని ప్రైవసీ కోసం గూగుల్ చూపించదు, మీలాంటి చిన్న పేరుకి మొదట్లో లైన్ ఖాళీగానో నిజం కన్నా తక్కువగానో కనపడొచ్చు. అది చూసి నీరసపడొద్దు, మూడునాలుగు నెలల పాటు ఎటు పోతోందో అది చూడండి చాలు.

దానికన్నా మీ స్థాయిలో పనికొచ్చేది ఇంకోటి ఉంది, సైన్ అప్ ఫారంలో మా గురించి ఎక్కడ విన్నారు అని ఒక గడి. ఆప్షన్లు ఇవ్వకండి, ఖాళీ గడి ఇచ్చి వాళ్ళనే రాయనివ్వండి. ఆప్షన్లు ఇస్తే అందరూ గూగుల్ అని నొక్కేసి పోతారు. రాయమంటే కొంతమంది వదిలేస్తారు, కానీ రాసినవాళ్ళు ఏ టూలూ చెప్పలేని సంగతి చెప్తారు.

కామెంట్ లింకులకి తోక తగిలించి ట్రాక్ చేద్దామని యూటీఎంలు మాత్రం పెట్టకండి. ఆ పొడుగు అడ్రస్ చూస్తేనే వ్యాపారం వాసన కొడుతుంది, అక్క లాంటివాళ్ళు వెంటనే పీకేస్తారు.

సూటిమాట

నేను కొంచెం అడ్డం తిరుగుతా, ఏమనుకోకండి. మీరంతా చెప్పింది బాగుంది కానీ అసలు కామెంట్లే ఎంతమంది ఉంచుతున్నారు ఇప్పుడు? పాపులర్ సైన్స్ పత్రిక 2013 సెప్టెంబర్‌లో కామెంట్లు మూసేసింది, అమెరికా రేడియో సంస్థ ఎన్పీఆర్ 2016 ఆగస్టులో మూసేసింది, అంత పెద్దవాళ్ళే మోయలేక దించేసుకున్నారు. మాటామంతీ అంతా సోషల్ మీడియాకీ వీడియోల కిందకీ వెళ్ళిపోయింది. రోజుకి రెండు గంటలు పెట్టి వేరేవాళ్ళ ఇంట్లో మొక్కలు నాటడం కన్నా అదే రెండు గంటల్లో సొంత సైట్‌లో రెయిడ్ గురించి ఒక మంచి ఆర్టికల్ రాసుకుంటే అది మీ పేరు మీదే ఉంటుంది కదా. వాళ్ళు రేపు బ్లాగ్ మూసేస్తే మీ కష్టం కూడా దాంతో పాటే పోతుంది. ఇది అనుభవంతో చెప్తున్నా, నేను రెండేళ్ళు రాసిన కామెంట్లన్నీ ఒక బ్లాగ్ డొమైన్ డబ్బు కట్టకుండా వదిలేయడంతో మాయమైపోయాయి.

పాతఆల్బమ్

సూటిమాట గారూ, మూసేసినవాళ్ళవి లక్షల జనం వచ్చే వార్తల సైట్లు, అక్కడ తిట్లు ఏరడానికే మనుషులు కావాలి. ఒకటే విషయం మీద రాసే నాలాంటి చిన్న బ్లాగులు వేరు, అక్కడికొచ్చేవాళ్ళందరికీ ఒకటే పిచ్చి. లక్ష మందికి తెలియాలంటే కామెంట్లు దారి కాదు, ఒప్పుకుంటా. కానీ చిగురు గారికి ఇప్పుడు లక్ష మంది అక్కర్లేదు, ఫోటోలు ఎక్కువ తీసేవాళ్ళు, పక్కవాళ్ళకి సలహా చెప్పేవాళ్ళు ఒక మూడొందల మందికి తెలిస్తే చాలు, వాళ్ళు ఇలాంటి చోట్లే ఉంటారు.

సొంత ఆర్టికల్ సంగతి మాత్రం మీరు చెప్పిందే రైటు. పోయిన కామెంట్ల గురించి చదివి నిజంగా బాధేసింది. నేనైతే చిగురు గారికి ఇలా చెప్తా, ఏది రాసినా ముందు మీ దగ్గర ఒక కాపీ దాచుకోండి, బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది చెప్పక్కర్లేదనుకుంటా. ఒకే ప్రశ్న నాలుగు బ్లాగుల్లో కనపడిందంటే అది మీ సైట్‌లో ఆర్టికల్ అవ్వాల్సిన ప్రశ్న. జనం ఏ మాటలతో అడుగుతున్నారో కామెంట్లలో తెలుస్తుంది, ఇంట్లో కూర్చుని ఊహిస్తే తెలీదు.

సూటిమాట

ఆ చివరి మాట బాగుంది అక్కా. టైం మాత్రం రోజుకి రెండు గంటలు వద్దు, వారానికి రెండు గంటలు చేయండి చిగురు గారూ, మిగతాది రాసుకోండి.

కొత్తచిగురు

అందరికీ మళ్ళీ నమస్తే. ఆరు వారాలైంది, ఏం జరిగిందో చెప్తానని అప్పుడే అనుకున్నా.

పాత కామెంట్లలో కనపడుతున్న వాటికి బ్లాగ్ వాళ్ళకి మెయిల్ పెట్టి తీసేయమని అడిగా, చాలామంది తీసేశారు, ఇద్దరు మెచ్చుకుంటూ రిప్లై కూడా ఇచ్చారు. బ్లాగులు ఏడుకి తగ్గించా. వారానికి మూడో నాలుగో కామెంట్లు, నా పేరుతో, పోస్ట్ మొత్తం చదివాకే. మొదటి రెండు వారాలు ఏమీ లేదు. తర్వాత ఒక పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్ బ్లాగ్‌లో కార్డు ఫార్మాట్ గురించి రాస్తే కింద ఐదుగురు ప్రశ్నలడిగారు, చెక్‌సమ్ అంటే ఏంటి, మామూలు కాపీలో అది జరగదా అని, రాత్రి పదకొండు దాకా కూర్చుని అందరికీ జవాబు రాశా, అలిసిపోయా కానీ ఎంత ఆనందమేసిందో చెప్పలేను, ఇన్నాళ్ళూ మేం ముగ్గురమే మాట్లాడుకున్న విషయం కదా. ఆ ప్రశ్నలన్నీ కలిపి మా సైట్‌లో ఆర్టికల్ కూడా చేశా. సెర్చ్ కన్సోల్‌లో ఇంకా ఏమీ కదల్లేదు, చూస్తున్నా.

సైన్ అప్ గడిలో మాత్రం ఒకటొచ్చింది, ఉన్నదున్నట్టు రాస్తున్నా: ఆ చెక్‌సమ్ గురించి రాసే గళ్ళచొక్కా అబ్బాయి దగ్గర, కంపెనీ పేరు గుర్తులేక వెతుక్కోవడానికి చాలాసేపు పట్టింది. గ్రావతార్ ఫోటోలో నాది గళ్ళచొక్కా. మనిషి గుర్తున్నాడు, బ్రాండ్ గుర్తులేదు, ఇప్పుడేం చేయాలి?

లింకులలెక్క

ఆ గడిలో రాసినవాళ్ళు వెతికి మరీ వచ్చారంటే సంగతి మామూలుది కాదండి. మీరు ఇప్పుడు చేయాల్సింది ఆ వెతుకులాట తగ్గించడం. ఆ ఏడు బ్లాగుల్లోనూ మీరిప్పుడు తెలిసిన మనిషే కాబట్టి పేరు చివర ఒక కామా పెట్టి బ్రాండ్ పేరు కలపండి, కీవర్డ్ కాదు, ఉత్త పేరు. అలాగే మీ సైట్‌లో మా గురించి పేజీలో అదే ఫోటో, అదే పేరు ఉండాలి, చెక్‌సమ్ ఆర్టికల్ కింద రాసినవాడిగా కూడా. మిమ్మల్ని వెతికేవాళ్ళు మీ పేరుతోనో చెక్‌సమ్ అనే మాటతోనో వెతుకుతారు, రెండూ ఆ పేజీకే రావాలి.

కొత్తచిగురు

మా గురించి పేజీలో ఇప్పటిదాకా మా లోగో తప్ప మనుషులే లేరు. ఇవాళే ముగ్గురి ఫోటోలు పెట్టాం, గళ్ళచొక్కాదే పెట్టా.

పాతఆల్బమ్

చూశా, బాగుంది. వచ్చే వారం మెమరీ కార్డుల మీద పోస్ట్ రాస్తున్నా, ఒక చోట నాకే సందేహం ఉంది, కింద అడుగుతా, వచ్చి చెప్పండి.